మోటారు ప్రమాదము జరిగిన పిమ్మట

ఈ నెల మన సభ్యులకు విత్తనములను గూర్చి గాని, ఎరువులను గూర్చి గాని గాక వేరొక విషయమును గూర్చి వ్రాయదలచితిమి. నేడు మన గ్రామములలో ఎద్దుబండి కన్పట్టుట యరుదైనది. దుక్కికి ట్రాక్టరు, ధాన్యము తోలుటకు ట్రాక్టరు తొట్టి, కూరగాయలకు ఆటో, సంఘము ఆఫీసునకు వాయిదా సొమ్ము తెచ్చు సభ్యునకు మోటారు సైకిలు. పొలము గట్టు దాటి రోడ్డెక్కిన ప్రతి రైతును చట్టము డ్రైవరు అనియే పిలుచును. ఎద్దుబండి బోల్తాపడినచో ఎద్దునకో బండివానికో దెబ్బ తగిలి, ఆ సంగతి ఊరిలోనే తీరెడిది. మోటారు సంగతి యట్లు తీరదు. ప్రమాదము జరిగిన తొలి గంటలో చేసిన తప్పు వలన ఒక ప్రాణము పోవచ్చును. ఆ పిమ్మటి రెండు మూడు దినములలో చేసిన తప్పు వలన తాతలనాటి పొలము పోవచ్చును. ఈ రెండింటిని గూర్చియు మన సభ్యులు తెలిసికొనవలయునని మా యుద్దేశము.

ప్రమాదము జరిగిన వెంటనే డ్రైవరును లోబరచుకొనునది భయము. జనము కొట్టుదురేమో, పోలీసులు జైలులో వేయుదురేమో యని బండిని అచ్చటనే వదలి పొలములకు అడ్డముగా పరుగెత్తువారు కలరు. బండితో సహా పోవువారును కలరు. జనభయము నిరాధారమని మేము చెప్పజాలము. చట్టము చేసినవారు సైతము దానిని ఎరిగియే యున్నారు. 1988వ సంవత్సరపు మోటారు వాహనముల చట్టములోని 134వ సెక్షను, గాయపడినవారికి వైద్యసహాయము కలిగించుట డ్రైవరు యొక్క లేక బండి తన అధీనములో నున్న వేరొకని యొక్క విధి యని చెప్పుచు, గుంపు ఆగ్రహము వలన గాని తన వశములో లేని మరే కారణము వలన గాని అది సాధ్యపడనప్పుడు తప్ప అని స్పష్టముగా మినహాయింపు నిచ్చినది. కావున జనము మీదికి వచ్చుచున్నప్పుడు అచ్చట నిలిచి దెబ్బలు తినవలయునని యెవరును కోరుట లేదు. కాని అచ్చటి నుండి తొలగిపోవుట వేరు, పారిపోవుట వేరు. తొలగిపోయినవాడు తిన్నగా దగ్గరి పోలీసు స్టేషనునకు పోవును. దారిలోనే 108కి ఫోను చేయును. పారిపోయినవాడు బంధువుల యింట దాగును.

పోలీసు స్టేషనులో సంగతి తెలుపుటకు అదే సెక్షను గరిష్ఠముగా 24 గంటల గడువిచ్చినది. అయినను వీలైనంత త్వరగా అనునదే అందలి అసలు మాట. ఈ విధులను పాటింపనివారికి ఆరు నెలల వరకు ఖైదు గాని, 5,000 రూపాయల వరకు జుల్మానా గాని, రెండును గాని విధింపవచ్చునని 187వ సెక్షను చెప్పుచున్నది.

జైలు భయమును గూర్చి యొక మాట. అజాగ్రత్తగా నడుపుట వలన ఒకరి మరణమునకు కారకుడైన డ్రైవరుపై 2024 జులై 1 నుండి భారతీయ న్యాయ సంహితలోని 106వ సెక్షను మొదటి భాగము క్రింద కేసు పెట్టుదురు. శిక్ష అయిదేండ్ల వరకు ఉండవచ్చును. పాత శిక్షాస్మృతిలో అది రెండేండ్లు మాత్రమే. అయినను ఇది నేటికిని బెయిలు నిరాకరింపరాని నేరమే. తగిన జామీను చూపినవానికి బెయిలు హక్కుగా లభించును. త్రాగి నడిపినవాని సంగతి వేరు. వానిపై ఇంతకంటె ఘోరమైన సెక్షనులు పెట్టుటకు అవకాశము కలదు. ఆ 106వ సెక్షనులోనే రెండవ భాగమొకటి కలదు. మరణము కలిగించి, పోలీసులకు గాని మేజిస్ట్రేటునకు గాని తెలుపక పారిపోయినవానికి పదేండ్ల వరకు ఖైదు అని అందున్నది. దీనికి వ్యతిరేకముగానే 2024 జనవరి మొదటి దినములలో దేశమంతట లారీ డ్రైవర్లు సమ్మె చేసిరి. హైదరాబాదులో పెట్రోలు బంకుల యెదుట జనము బారులు తీరిన సంగతి పాఠకులకు జ్ఞాపకముండును. తక్కిన సంహిత అమలునకు వచ్చిన నాడు ఈ యొక్క భాగమును మాత్రము నిలిపి యుంచిరి. అది నిలిచినదని పారిపోవుట మేలని తలపరాదు. పారిపోయినవాడు తప్పు చేసినవాడేయని చూచిన ప్రతివాడును నమ్మును, న్యాయాధికారి ముందు సైతము ఆ నడవడి వానికి మేలు చేయదు.

ఇక తొలి గంట. గాయము తగిలిన పిమ్మటి మొదటి గంటకు, వెంటనే వైద్యమందినచో ప్రాణము నిలుచుటకు అవకాశము మిక్కిలి హెచ్చు గనుక, బంగారు ఘడియ యని పేరు. 2019లో చట్టమును సవరించినప్పుడు ఈ మాటను చట్టములోనే చేర్చిరి. ఆ గంటలో జరుగవలసిన పనులు కొన్నియే కాని, మన పల్లెలలో వాని స్థానమున వేరు పనులు జరుగుచున్నవి.

బండిని నిలిపి ఇంజను ఆపవలయును. ట్రాక్టరు తిరుగబడినప్పుడు ఇంజను ఇంకను నడచుచునే యుండవచ్చును, డీజిలు కారుచుండును. ముందు ఇంజను ఆపుటయు, బీడీ చుట్టలు కాల్చువారిని దూరముగా పంపుటయు చేయవలయును. కరెంటు స్తంభమునకు గుద్దుకొని తీగ తెగిపడినచో, లైను ఆపినారని విద్యుత్ శాఖవారు చెప్పువరకు ఆ బండిని గాని, అందున్న మనిషిని గాని ముట్టరాదు. ఒకనిని రక్షింపబోయి ఇద్దరు పోవుటను మన ప్రాంతమున వినుచునే యున్నాము. రాత్రివేళ అయినచో వెనుక వచ్చు బండ్లకు తెలియునట్లు హజార్డు లైట్లు వేసి, త్రికోణపు హెచ్చరిక గుర్తును చాల వెనుకగా నిలుపవలయును. అది లేనివారు చెట్టు కొమ్మలు, రాళ్లు పెట్టుదురు. ఆపత్కాలమున తప్పదు. కాని బండిని తీసికొనిపోవునప్పుడు ఆ రాళ్లను రోడ్డు మీదనే వదలిపోవు దురలవాటు మనలో కలదు. ఆ రాత్రియే ఏ మోటారు సైకిలువాడో దానిపై పడి పోవును. రాళ్లు పెట్టినవాడే వానిని తీయవలయును.

108 సర్వీసు 2005 ఆగస్టు 15న హైదరాబాదులో ప్రారంభమై నేడు పల్లెపల్లెకు తెలిసినదే. ఫోను చేయువారు గాభరాలో త్వరగా రండు అని మాత్రము కేకవేసి పెట్టివేయుదురు. ఏ ఊరికిని ఏ ఊరికిని నడుమ, ఏ కిలోమీటరు రాయి దగ్గర, గుడియో బడియో వంతెనయో ఏది గుర్తు, ఎందరికి దెబ్బలు, ఎవరైన స్పృహ తప్పినారా, ఎవరైన బండి క్రింద నలిగియున్నారా అను సంగతులు నిదానముగా చెప్పి, అవతలివారు పెట్టివేయుమని చెప్పువరకు ఫోను పెట్టివేయరాదు. 112 నంబరును పనిచేయును.

గాయపడినవానికి వెంటనే సోడా త్రాగించుట, నోటిలో నీళ్లు పోయుట మన ఆచారము. స్పృహ లేనివాని నోట పోసిన నీరు ఊపిరితిత్తులలోనికి పోవును. స్పృహ యున్నవానికి సైతము ఆపరేషను చేయవలసి రావచ్చును గనుక ఏమియు త్రాగింపకుండుటయే మేలు. రక్తము కారుచోట కాఫీపొడి, పసుపు, సున్నము అద్దుటయు మానవలయును. శుభ్రమైన తువాలును మడచి గాయముపై పెట్టి గట్టిగా అదిమి పట్టవలయును. మాటిమాటికి తీసి చూడరాదు. గుడ్డ తడిసినచో దానిపైనే మరియొకటి వేయవలయును. రక్తస్రావమును ఆపుటకు ఇంతకు మించిన మందు రోడ్డు మీద లేదు. ఊపిరి ఆడుచు స్పృహ లేక యున్నవానిని మెడ వంగకుండ మెల్లగా ప్రక్కకు త్రిప్పి పరుండబెట్టినచో నాలుక గొంతునకు అడ్డుపడదు, వాంతి బయటికి పోవును. మెడకో వెన్నునకో దెబ్బ తగిలినదని అనుమానమున్నప్పుడు, అగ్ని భయము వంటిది లేనిచో, కాలు చేయి పట్టి లాగి ఆటోలో కుక్కరాదు. వెన్ను విరిగినవానిని అట్లు లాగుట వలన జన్మమంతయు మంచము పట్టినవారు కలరు. అంబులెన్సు రాజాలని చోట తప్పనిసరియైనప్పుడు తలుపుచెక్క మీదనో వెడల్పాటి బల్ల మీదనో నలుగురు కలిసి, తల మెడ వీపు ఒకే తీరున నుండునట్లు ఎత్తవలయును.

ఆస్పత్రిలో పోలీసు కాగితము లేనిదే చేర్చుకొనమని చెప్పుటకు వీలులేదు. ఏ లాంఛనముల కొరకును కనిపెట్టుకొనక వెంటనే చికిత్స చేయుట డాక్టరు విధి యని పైని చెప్పిన 134వ సెక్షనులోనే యున్నది. సొమ్ము లేదను దిగులును కొంత తీరినది. 2025 మే నెలలో కేంద్ర ప్రభుత్వము ప్రకటించిన పథకము ప్రకారము, మోటారు ప్రమాదమున గాయపడినవారికి ప్రమాద దినము నుండి ఏడు దినముల వరకు, ఒక్కొక్కరికి లక్షన్నర రూపాయలకు మించకుండ, పథకములో చేరిన ఆస్పత్రులలో సొమ్ము చెల్లింపకయే చికిత్స జరుగును. ప్రమాదపు సంగతి పోలీసులకు తెలుపుట ఇందుకును అవసరమే.

దారిన పోవు రైతు గాయపడినవానిని ఆస్పత్రికి చేర్చినచో సాక్ష్యమునకు కోర్టుల చుట్టు తిరుగవలసివచ్చునని వెనుదీయుచున్నాడు. ఈ భయమునకు కాలము చెల్లినది. 2016 మార్చిలో సుప్రీంకోర్టు ఇట్టి పరోపకారులకు రక్షణ కల్పించినది; 2019 సవరణ దానిని 134-ఏ సెక్షనుగా చట్టములో చేర్చినది. మీరు ఇష్టపడనిచో పేరు, చిరునామా చెప్పుమని పోలీసులు గాని ఆస్పత్రివారు గాని బలవంతపెట్టరాదు. ఆస్పత్రిలో సొమ్ము కట్టుమనరాదు. పైగా బంగారు ఘడియలో ఆస్పత్రికి చేర్చి ప్రాణము నిలిపినవారికి ఇచ్చు బహుమానమును 2025లో 25,000 రూపాయలకు పెంచిరి.

పశువుల సంగతి మన సభ్యులకు ముఖ్యము గనుక ఇచ్చట కొంత నిలువవలసియున్నది. మనిషికి దెబ్బ తగిలినప్పుడే గాక, జంతువునకు తగిలినను, ఆస్తికి నష్టము కలిగినను, నష్టపడినవాడు తన పేరు, చిరునామా చెప్పి అడిగినప్పుడు డ్రైవరు తన పేరును యజమాని పేరును చిరునామాలతో చెప్పవలయునని 132వ సెక్షను. జంతువనగా గుఱ్ఱము, పశువు, ఏనుగు, ఒంటె, గాడిద, కంచరగాడిద, గొఱ్ఱె, మేక యని ఆ సెక్షను వివరించినది. మన రోడ్లపై ఏనుగు కన్పట్టుట యరుదు. కోడి ఆ జాబితాలో లేదు. కోడి కొరకు జరుగు తగవులకు మాత్రము కొదువ లేదు. ఆ సెక్షనులోనే గొల్లలకును పశుకాపరులకును పనికివచ్చు మాట యొకటి కలదు. మోటారు చప్పుడునకు తన పశువు బెదరి పట్టు తప్పునని తోచినప్పుడు దానిని తోలుకొనిపోవువాడు చేయెత్తి అడిగినచో, డ్రైవరు బండి నిలుపవలయును. ఎద్దో గేదెయో చనిపోయినప్పుడు కళేబరమును తీసివేయుటకు ముందే ఫొటో తీయించి, పశువైద్యునిచే పంచనామా పరీక్ష చేయించి సర్టిఫికెటు పొందినచో నష్టపరిహారము కోరుటకు ఆధారముండును.

ఇక రెండవ భాగమునకు వచ్చుచున్నాము. రైతు పొలము పోవుట ఇచ్చటనే.

మన దేశమున మూడవ పక్షమువారి నష్టమునకు భీమా తప్పనిసరియైనది నిన్న మొన్నటి మాట కాదు; 1939 చట్టములోని ఆ భాగము 1946 జులై 1న అమలునకు వచ్చినది. అయినను మన గ్రామములలో ట్రాక్టరు కొన్న మొదటి సంవత్సరము, అప్పిచ్చినవారు అడుగుదురు గనుక భీమా కట్టుటయు, రెండవ సంవత్సరము నుండి మరచుటయు పరిపాటియైనది. పట్టుబడినచో మొదటిసారి రెండు వేల రూపాయల జుల్మానాయే గదాయని కొందరి ధైర్యము. జుల్మానా స్వల్పమే. ఒక రైతు ట్రాక్టరు క్రింద పడి ముప్పది యేండ్ల సంసారి యొకడు పోయినాడని యనుకొందము. ట్రిబ్యునలు వాని వయస్సును, సంపాదనను, వానిపై ఆధారపడినవారిని లెక్కించి పరిహారము నిర్ణయించును. అది సాధారణముగా లక్షలలో నుండును. భీమా యున్నచో కంపెనీ చెల్లించును. లేనిచో యజమాని చెల్లింపవలయును. చెల్లింపనిచో 174వ సెక్షను క్రింద ట్రిబ్యునలు కలెక్టరునకు సర్టిఫికెటు పంపును. ఆ సొమ్మును భూమిశిస్తు బకాయి వలె వసూలు చేయుదురు. శిస్తు బకాయికి ఏమి జప్తు చేయుదురో మన రైతులకు మేము చెప్పవలసిన పని లేదు.

భీమా యుండియు పనికిరాకపోవు సందర్భములు కలవు. ట్రాక్టరుపై డ్రైవరు కూర్చుండుటకు ఒక్క చోటు మాత్రమే కలదు. మడ్‌గార్డుల మీద ఇద్దరిని, తొట్టిలో ఇరువది మంది కూలీలను ఎక్కించుకొనిపోవుట మనకు నిత్యకృత్యము. వారికి దెబ్బ తగిలినచో భీమా కంపెనీ తన బాధ్యత కాదని వాదించును, పెక్కు కేసులలో గెలుచును. 2004లో సుప్రీంకోర్టు ముందుకు వచ్చిన యొక కేసులో కూరగాయల వర్తకుడొకడు సరకుతో ట్రాక్టరు తొట్టిలో పోవుచు మరణించెను. అది వ్యవసాయపు పని కాదని భీమా కంపెనీకి బాధ్యత లేదనిరి. పెండ్లివారిని, తీర్థమునకు పోవువారిని తొట్టిలో తోలువారు ఈ తీర్పును తలచుకొనవలయును.

లైసెన్సు సంగతియు అట్టిదే. 7,500 కిలోలకు మించని బండ్లకు లైట్ మోటారు వెహికిలు లైసెన్సు చాలునని 2024 నవంబరులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనము ధ్రువపరచినది గనుక వెనుకటి చిక్కులు కొన్ని తొలగినవి. అసలు లైసెన్సే లేని కుమారునకు ట్రాక్టరు ఇచ్చు తండ్రుల చిక్కు మాత్రము తొలగలేదు. కుమారుడు పదునెనిమిదేండ్లు నిండనివాడైనచో 199-ఏ సెక్షను క్రింద తండ్రికో బండి యజమానికో మూడేండ్ల వరకు ఖైదును, 25,000 రూపాయల జుల్మానాయు కలవు. బండి రిజిస్ట్రేషను పండ్రెండు నెలలు రద్దగును.

ఇచ్చటనే మన గ్రామములలో మిక్కిలి చెడ్డ పని యొకటి జరుగుచున్నది. నడిపినవానికి లైసెన్సు లేదని, ఉన్న వేరొకనిని తెచ్చి వాడే నడిపినట్లు స్టేషనులో చెప్పించుదురు. సలహా చెప్పువారు ఊరి పెద్దలే. సులభమైన ఉపాయమని తోచును. కాని చూచినవారు చాలమంది యుందురు. ఫోనులలో ఫొటోలు, రోడ్డు ప్రక్క కెమెరాలు ఉండును. నడిపినవానికి సైతము దెబ్బలు తగిలి ఆస్పత్రి కాగితములలో పేరు ఎక్కియుండును. భీమా కంపెనీ మనిషిని పంపి విచారించును. అబద్ధము బయటపడినచో భీమా పోవుటయే గాక, తప్పుడు సాక్ష్యము కల్పించినందులకు వేరు కేసు వచ్చును. ఏ పాపము నెరుగని కూలివాడు పదివేలకో పాతికవేలకో ఆశపడి మరణపు కేసులో ముద్దాయియై సంవత్సరముల తరబడి వాయిదాలకు తిరుగును. నిజము చెప్పి నష్టపడినను ఆ నష్టమునకు హద్దు కలదు.

పెద్దమనుషుల రాజీ మరియొకటి. కేసు లేకుండ కొంత సొమ్మిచ్చి తెల్లకాగితముపై వ్రాయించుకొందురు. చిన్న గీతలకు, వంగిన మడ్‌గార్డునకు ఇది చాలును. అందుకు కోర్టుకెక్కుట అవివేకము. మనిషికి దెబ్బ తగిలినప్పుడు మాత్రము ఈ పద్ధతి ఇరువురికిని హానికరము. తలకు తగిలిన దెబ్బ మూడవనాడు ముదిరినచో, గాయపడినవాని చేతిలో ఎఫ్.ఐ.ఆర్. ఉండదు, పరిహారము కోరుటకు ఆధారముండదు. డ్రైవరు ఇచ్చిన సొమ్మును భీమా కంపెనీ తిరిగి యీయదు. మరణమునకు సంబంధించిన నేరమును పెద్దమనుషులు మాఫీ చేయజాలరు.

కావున స్టేషనులో జరిగినది జరిగినట్లు చెప్పవలయును. వ్రాసినదానిని చదివించుకొని వినవలయును. తెల్లకాగితముపై సంతకము గాని వేలిముద్ర గాని వేయరాదు. ఫిర్యాదు చేసినవారికిని బాధితులకును ఎఫ్.ఐ.ఆర్. నకలు ఉచితముగా ఇచ్చుట పోలీసుల విధి. హద్దు మాది కాదని త్రిప్పి పంపుటకును ఇప్పుడు వీలులేదు. ఏ స్టేషనులోనైనను నమోదు చేసి తగిన స్టేషనునకు వారే పంపవలయును. మోటారు ఇన్‌స్పెక్టరు పరీక్షకై బండిని వేరొక చోటికి తీసికొనిపోయినచో ఆ చోటును యజమానికి తెలిపి, లాంఛనములు ముగిసిన పిమ్మట 24 గంటలలో తిరిగి అప్పగింపవలయునని 136వ సెక్షను. భీమా లేని బండిని మాత్రము పూచీకత్తు చూపనిదే కోర్టు విడువదు. నాట్ల కాలమున ట్రాక్టరు స్టేషను ఆవరణలో నిలిచియుండుట ఎట్లుండునో ఊహింపవచ్చును.

భీమా కంపెనీకి వ్రాతమూలముగా తెలుపుట డ్రైవరునకు చట్టము పెట్టిన విధి. పాలసీ నంబరు, దాని గడువు, ప్రమాదము జరిగిన తేది, వేళ, స్థలము, గాయపడినవారి లేక మరణించినవారి వివరములు, డ్రైవరు పేరు, లైసెన్సు వివరములు అందుండవలయును. ఫోనులో చెప్పితిమని ఊరకుండరాదు. పంపినట్లు రసీదో, ఫోనులో వచ్చిన క్లెయిము నంబరో దాచుకొనవలయును. సర్వేయరు చూడకముందే బండిని మరమ్మతు చేయించినచో సొంత నష్టమునకు సొమ్ము రాదు. యజమానియే నడుపుచు మరణించినచో, పాలసీలో ఆ భాగమునకు సొమ్ము కట్టి, లైసెన్సు కలిగియున్నవాడైనచో, 15 లక్షల రూపాయల వ్యక్తిగత ప్రమాద భీమా కలదు. ఈ సంగతి తెలియక ఆ సొమ్మును కోరని కుటుంబములు కలవు. సభ్యులు తమ పాలసీ కాగితమును ఒకసారి తీసి ఈ భాగము కలదో లేదో చూచుకొనవలయునని కోరుచున్నాము.

గాయపడిన పక్షమువారు మన సభ్యులే కావచ్చును గనుక వారికిని రెండు మాటలు. పరిహారపు దరఖాస్తు ప్రమాదము జరిగిన చోటనే గాక తాము నివసించు చోటి ట్రిబ్యునలులోను వేయవచ్చును. 2022 ఏప్రిల్ 1 నుండి దీనికి ఆరు నెలల గడువు పెట్టిరి. కర్మాంతరముల పిమ్మట చూతమని ఆలస్యము చేయరాదు. తప్పు ఎవరిదను వాదము లేకుండ పరిహారము కోరుటకు 164వ సెక్షను కలదు. మరణమునకు అయిదు లక్షలు, తీవ్ర గాయమునకు రెండున్నర లక్షలు. గ్రుద్దిన బండి ఏదో తెలియనప్పుడు సైతము నిరాశ చెందనక్కరలేదు. మరణమునకు రెండు లక్షలు, తీవ్ర గాయమునకు ఏబదివేలు ప్రభుత్వ పథకము క్రింద లభించును; అందులకు ఆర్.డి.ఓ. లేక తహశీల్దారు ఆఫీసులో విచారింపవలయును. ఇట్టి కేసులలో సైతము పోలీసు రిపోర్టు లేనిదే దరఖాస్తు నిలువదు.

వచ్చునది వరికోతల కాలము. రోడ్డు మీద ధాన్యము ఆరబోయుట, వెనుక దీపము లేని తొట్టిని చీకటిలో రోడ్డు ప్రక్క నిలుపుట, దమ్ము చక్రములతో తారురోడ్డెక్కుట మొదలైనవాని వలన జరుగు ప్రమాదములను గూర్చి వేరుగా వ్రాయుదుము. ఈ లోపున ట్రాక్టరు గల సభ్యులు తమ భీమా గడువు తేదిని చూచుకొని, గడువు మీరినదైనచో తొట్టిని రోడ్డెక్కింపక ముందే పునరుద్ధరించుకొనవలయును. తొట్టి వెనుక అంటించు ఎఱ్ఱ రిఫ్లెక్టరు పట్టీలు పట్టణపు ఆటోమొబైలు దుకాణములలో స్వల్పపు ధరకే దొరకును.